బిళ్ళ పెట్టుకున్నోళ్లు కూసోరు

మా నాటక సంఘాన్ని నా చేతులతో నేనే ముంచిన వైనం చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఊరు ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉంది.

డెబ్బయ్యో దశకం చివర్లో, రఘునాథపల్లి పక్కన మా ఊళ్లో నాటక సంఘం పెట్టాం. కార్యదర్శిని నేనే. రిహార్సళ్లకు చోటు లేక కొట్టంలో డైలాగు చెబితే బర్రె జవాబిచ్చేది. పంచాయతీ గది ఒకటి ఖాళీగా ఉందంటే సర్పంచ్ దగ్గరికి పోయాను.

"నాటకం సూడనీకి వందమంది వచ్చి కూసుంటే గది మీదే. లేకుంటె అండ్ల యూరియా బస్తాలు ఏయిస్త," అన్నాడాయన.

పందిరి వేయాలి, బెంచీలు మోయాలి. పిలిస్తే ఒక్కడూ రాలేదు.

"పైసలియ్యక పుక్కటికి ఎవలొస్తరే?" అన్నాడు రాజు వేషం వేసే ఐలయ్య.

అప్పుడు వెలిగింది నా బుర్ర! జనగామ పోయి ఎర్ర రిబ్బన్ తెచ్చాను. పువ్వులా మడిచి, మధ్యలో 'వాలంటీర్' అని రాసిన అట్టబిళ్ళ అంటించి, బెంచీ మోస్తానన్న మొదటివాడి చొక్కాకు పిన్నీసుతో గుచ్చాను. అంతే, మర్నాటికి మా వాకిట్లో జాతర.

"అన్నా, నాకో బిళ్ళ!"

"మా తమ్మునికిస్తివి, నేనేం పాపం జేసిన?"

అడిగినవాళ్లందరికీ గుచ్చాను. వంద దాటాక లెక్క మరిచాను. మా ఊళ్లో ఇంత సేవాభావం ఉందా అని కళ్లు చెమర్చాయి కూడా.

నాటకం నాడు పొద్దుగూకే వేళకు పందిరి లేచింది, బెంచీలొచ్చాయి. ఊరంతా వచ్చింది. వచ్చి, ఊరంతా నిలబడింది.

"కూసోండ్రి!" అన్నాను.

"ఎట్ల కూసుంటమే? బిళ్ళ ఉన్నది గద!"

మా వైపు మీటింగుల్లో బిళ్ళ ఉన్నవాడు కూర్చోడు, కూర్చోబెడతాడు. కూర్చుంటే పరువు తక్కువ. ఆ సంగతి నాకు గుర్తు రాలేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది. అప్పటికి వచ్చినవాళ్లలో నేను కాక బిళ్ళ లేని మనిషి ఎల్లవ్వ ఒక్కతే. ముసలామె పందిట్లో అడుగు పెట్టగానే వందమందీ మీద పడ్డారు.

"అవ్వా, గిటు కూసో!"

"ఆడోళ్లు గా దిక్కు!"

"అది సర్పంచ్ కూసునే జాగ, లే లే!"

ఏడు బెంచీలు మారేసరికి ఎల్లవ్వకు ఆయాసం వచ్చింది. "నాకు సుత ఓ బిళ్ళియ్యి బిడ్డా, జర నిమ్మలంగ నిలవడ్త," అంది. ఇచ్చాను. ఇంకేం చేయమంటారు?

తెర లేచింది. కిరీటం, కత్తి, రొమ్ము మీద బిళ్ళతో వచ్చిన ఐలయ్య ఖాళీ బెంచీలు చూసి డైలాగు మరిచాడు. "కూసోండ్రి! లొల్లి బంద్!" అని అరిచాడు.

అప్పుడే సర్పంచ్ వచ్చాడు. "కూసున్నోళ్లేరి?"

"వస్తున్నరు పటేలా. మీరు కూసోండ్రి, ఒకరైతరు," అన్నాను చెమటలు తుడుచుకుంటూ.

ఆయన మొహం చిన్నబోయింది. "ఊరందరికి బిళ్ళనాయె. సర్పంచ్‌నై ఉండి నేనొక్కన్నే కూసోవాల్నా?"

గుచ్చాను. ఆయనా నిలబడ్డాడు.

మర్నాడు ఆ గదిలోకి యూరియా బస్తాలెక్కాయి. మోసింది ఎవరనుకున్నారు? నా వాలంటీర్లే! బిళ్ళలు పెట్టుకుని, వరుస కట్టి, "జరగుండ్రి, జరగుండ్రి" అంటూ, పుక్కటికే మోశారు. చివరి బస్తా నా నెత్తికెత్తి ఐలయ్య ఆగాడు.

"అగో, నీకు బిళ్ళేదే?" అని జాలిపడి, తనది పీకి నాకు గుచ్చాడు.

ఆ బస్తా కింద మెడ వంచుకునే ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఎవరి చొక్కాకూ ఏదీ గుచ్చను. నా చొక్కా గుండీలన్నీ ఊడినా సరే, చేత్తో పట్టుకుని తిరుగుతాను గానీ పిన్నీసు ముట్టను.