గాలి తుపాకి ఇంటికొచ్చిన ఏడాది

మలయాకు మెర్దేకా, అంటే స్వాతంత్ర్యం, రావడానికి ఇంకా ఐదారు నెలలుందనగా మా రబ్బరు తోట దొర సామాన్లు సర్దుకుని తన దేశానికి వెళ్ళిపోయాడు. కుర్చీలు, పింగాణీ పళ్ళేలు, చివరికి కుక్కను కూడా ఎవరో ఒకరికి ఇచ్చేశాడు. ఆఫీసులో కిరాణీగా లెక్కలు రాసే మా నాన్నకు గాలి తుపాకి వచ్చింది. కొబ్బరికాయలు కొరికే ఉడతల మీద దొర వాడినది. నాన్న కువాలా సెలంగోర్ పోలీసు స్టేషనుకు రెండుసార్లు తిరిగి లైసెన్సు తన పేరుకు మార్పించుకున్నాడు. తుపాకిని గోనెపట్టాలో చుట్టి, సైకిలుకు కట్టి తెచ్చాడు.

అమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఏటది?"

"గాలి తుపాకే. ఆదివారాలు పిల్లలు నేర్సుకుంటారు. సరదాగుంటాది."

"ఇంట్లోకి తేకండి."

నాన్న సైకిలు వెనక్కి తిప్పి, ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చాడు. నాకప్పుడు పదకొండేళ్ళు. అప్పకు, అంటే మా అక్కకు, పద్నాలుగు. తరవాతి రెండు రోజులూ నేను ఆఫీసు కిటికీ దగ్గర ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలీదు.

అప్పట్లో నా కాళ్ళు ఒకచోట ఆగేవి కావు. అడవుల్లోని కమ్యూనిస్టులతో సర్కారు పోరు, అందరూ ఎమర్జెన్సీ అనేది, మొదలైనప్పుడు నేను రెండేళ్ళ పిల్లను. తెలివి వచ్చిన దగ్గర్నుంచీ మా ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర సోదాలు, చీకటి పడితే బయటకు రాకూడదన్న ఆర్డరు. దొర వెళ్ళిన ఆ ఏడాదే మా వైపు కంచె తీగలు విప్పేశారు. స్తంభాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. వాటి మధ్య నుంచి అటూ ఇటూ ఊరికే పరిగెత్తేదాన్ని, ఎవరో మళ్ళీ తీగ కట్టేస్తారేమో అన్నట్టు.

మూడో రోజు అన్నం పెడుతూ అమ్మే ఆ మాట ఎత్తింది.

"తెండి ఆ తుపాకి. కానీ ఇంట్లో ఉంటే అందరికీ తెలవాల. ఒక్కలికి తెలిసి, మిగిలినోలకి తెలవకపోతే ఒద్దు. నలుగురం కలిసే ఎల్లాల. గుళ్ళ డబ్బా నా దగ్గరే ఉంటాది."

నాన్న తలూపాడు. తుపాకి ఆయన ట్రంకుపెట్టెలోకి, సీసపు గుళ్ళ డబ్బా అమ్మ బట్టల పెట్టెలోకి చేరాయి. రెండు తాళాలు, రెండు చోట్ల.

రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ ఇంటి వెనక, రోడ్డుకోసం కొండను తవ్వినచోట నిలువెత్తు ఎర్రమట్టి గట్టు ఉండేది. ఆదివారం ఫలహారం కాగానే నలుగురం అక్కడికి వెళ్ళేవాళ్ళం. నాన్న మట్టి కూరిన గోనెసంచీని గట్టుకు ఆనించి, దానిమీద కాగితం గుచ్చేవాడు. కాగితం మీద అన్నం పళ్ళెం బోర్లించి గీసిన వృత్తం, దాని నడుమ గ్లాసుతో గీసిన చిన్న వృత్తం. వచ్చేపోయేవాళ్ళకు తెలిసేలా అప్ప కాలిబాట మొదట్లో కొమ్మకు ఎర్రగుడ్డ కట్టేది.

మొదటి మూడు ఆదివారాలూ గుండు లేదు. ఉత్త తుపాకే. గొట్టం ఎప్పుడూ గట్టువైపే ఉండాలి. లోపల గుండు లేదని మనకు తెలిసినా ఉన్నట్టే పట్టుకోవాలి. గురి కుదిరేదాకా వేలు మీట దగ్గరకు పోకూడదు. ఇవన్నీ నాన్న ఎమర్జెన్సీలో తోట కాపలాకు చేరిన హోంగార్డు దళంలో నేర్చుకున్నవే. కానీ మాకు అప్పజెప్పించుకునేది అమ్మ.

"ఎనకేటుంది?"

"మట్టి."

"పక్కనేటుంది?"

"దారి. దార్లో ఎవలూ లేరు."

"సూసి సెప్పినావా, సూడకుండా సెప్పినావా?"

నేను చూడకుండానే చెప్పేదాన్ని. అమ్మ మళ్ళీ మొదటి నుంచి అడిగేది. నాన్న నవ్వి, "పరీచ్చలు పెడతన్నావేటే," అనేవాడు. అమ్మ నవ్వేది కాదు. అప్ప నిదానంగా, ఒక్కో మాటా చూసి చెప్పేది. నాకు మాత్రం మెడ వెనక చీమలు పాకుతున్నట్టు ఉండేది. ఎప్పుడు పేలుస్తామా అన్నదొక్కటే ధ్యాస.

నాలుగో ఆదివారం అమ్మ డబ్బా తెరిచింది. అప్ప మొదట కొట్టింది. కాగితం అంచున చిన్న చిరుగు. తరవాత నా వంతు. గొట్టం మడిచి స్ప్రింగు లాగడానికి నాన్న సాయం పట్టాడు. అమ్మ నా అరచేతిలో ఒక్క గుండు పెట్టింది. పెట్టాను. మూశాను. తుపాకి భుజానికి ఆనించాను.

అప్పుడే కాలిబాట నుంచి పక్కింటి తమిళావిడ నన్ను ఇలా రమ్మని పిలిచింది. పిట్టు చేసి గిన్నెలో తెచ్చినట్టుంది. "పాప్పా, ఇంగ వా."

నేను తిరిగాను. నాతోపాటు తుపాకీ తిరిగింది. నా పక్కన రెండడుగుల దూరంలో అప్ప కూర్చుని ఉంది.

అమ్మ ఎంత వేగంగా వచ్చిందో నాకు తెలీదు. గొట్టం పట్టుకుని నేలకు వంచింది. తుపాకి పేలలేదు. పిట్టు గిన్నెతో ఆవిడ అక్కడే నిలబడిపోయింది. అమ్మ తుపాకిని నాన్న చేతికిచ్చి, "ఇంటికి పదండి," అంది. కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికి వెళ్ళాక కాళ్ళు కడుక్కుంటుంటే ఒక్కటే అడిగింది.

"ఏలు ఎక్కడుంది?"

"బయటే," అన్నాను.

నిజానికి నాకు తెలీదు. గుర్తు చేసుకోవాలని చూసినప్పుడల్లా ఒకసారి వేలు బయట కనిపించేది, ఒకసారి లోపల కనిపించేది.

ఆ తరవాత ఆదివారాలు నన్ను తీసుకువెళ్ళేవారు, కానీ తుపాకి ముట్టనిచ్చేవారు కాదు. వెనక రబ్బరు చెట్టు మొదట్లో కూర్చోవాలి. గడ్డి పీకేదాన్ని. చెట్టు గాటులో ఎండిన పాలను గిల్లి సాగదీసేదాన్ని. అప్ప గురి వారం వారం కుదురుతోంది. చిన్న వృత్తంలో రెండు పడిన రోజున నాన్న ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను లేచి నిలబడితే, అమ్మ వెనక్కి చూడకుండానే, "కూకో," అనేది.

ఇలా నెల గడిచాక, ఒక సాయంత్రం నాన్న సైకిలు చైనుకు నూనె రాస్తుంటే దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను.

"అమ్మకి నేనంటే కోపం," అన్నాను.

"కోపం కాదు."

"మరి?"

నాన్న నూనె గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. తరవాత చెప్పాడు.

నాలుగేళ్ళ కిందట, పక్క తోటలోకి తుపాకులతో మనుషులు వచ్చారని కబురు తెలిసిన రోజు, ఆఫీసు నుంచి నాన్నకు పిలుపొచ్చింది. మేమిద్దరం బడిలో ఉన్నాం. హోంగార్డుకిచ్చిన పెద్ద తుపాకిని ఆయన ఇంట్లో వదలకూడదు. అయినా అమ్మ ఒక్కతే ఉందని, తూటా పెట్టి ఆమె చేతికిచ్చి వెళ్ళాడు. మధ్యాహ్నం కుండపోత వాన. ముందు తలుపు గడియ వేసి ఉందని నాన్న పెరటివైపు నుంచి వచ్చాడు. తల తడవకుండా గోనెసంచీ ముసుగు వేసుకున్నాడు. అమ్మకు ముఖం కనిపించలేదు. తుపాకి పేలింది. తూటా ఆయన తలపై నుంచి పోయి ఆకుల కప్పును చీల్చింది.

"నాను సూపించలేదు," అన్నాడు నాన్న. "ఎలా పట్టుకోవాలో, ఏలు ఎక్కడెట్టాలో, ఏటీ సెప్పలేదు. సేతికిచ్చినాను, ఎలిపోయినాను. తెల్లారి మీయమ్మ, ఇది ఎలా తెరుస్తారో సూపించండని అడిగింది. ఆడోలకెందుకులే అన్నాను. ఆ మాటే తప్పు. మళ్ళీ అడగలేదు."

నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. కప్పును చూశాను. ఆకులు తీసేసి రేకులు వేయించి ఎప్పుడో అయింది. అక్కడ చూడటానికి ఏమీ లేదు. అయినా ఒకచోట ఉండలేక, ఇంటి చుట్టూ రెండుమూడుసార్లు తిరిగాను. లోపల అమ్మ చేపలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె ముందుకు వెళ్ళే ధైర్యం చాలలేదు.

తరవాతి ఆదివారం గట్టు దగ్గర, చెట్టు మొదట్లో కూర్చోమనకముందే అమ్మ దగ్గరకు వెళ్ళాను.

"ఆ రోజు ఏలు లోపలుందో బయటుందో నాకు తెలీదమ్మా. బయటుందని అబద్ధం సెప్పినాను."

"తెలుసు," అంది అమ్మ. కొంచెం ఆగి, "ఇలాగొచ్చి సెప్తావనే సూస్తన్నాను," అంది.

నా చేతికి తుపాకి ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. నాన్నవైపు చెయ్యి చాచింది.

"నాకియ్యండి."

అన్ని వారాలూ అమ్మ మాకు చెప్పడమే కానీ, ఒక్కసారీ తాను భుజానికి ఆనించలేదని నాకు అప్పుడే తట్టింది. నాన్న గొట్టం మడిచి, లోపల ఖాళీగా ఉందని చూపించి, ఇచ్చాడు. ఈసారి ఒక్కటీ వదలకుండా చూపించాడు. ఎడమచెయ్యి ఎక్కడ, చెంప ఎక్కడ, ఊపిరి ఎప్పుడు వదలాలి. అమ్మ గుండు పెట్టుకుని, నావైపు తిరక్కుండానే అంది.

"నువ్వడుగు."

"ఎనకేటుంది?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మట్టి."

"పక్కనేటుంది?"

ఆమె తల తిప్పి చూసింది. "దారి. ఎవలూ లేరు."

చాలాసేపు గురి పట్టింది. కాల్చలేదు. గట్టువైపే ఉంచి, తుపాకిని నాన్నకు అందించింది. "ఈ వారానికి ఇంతే," అని నుదురు తుడుచుకుంది. అప్ప, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మరుసటి ఆదివారం కాల్చింది. గుండు కాగితానికి జానెడు దూరంలో గోనెసంచీలో దిగింది. అమ్మ సంచీ దగ్గరకు వెళ్ళి, ఆ చిల్లులో వేలు పెట్టి చూసింది. తిరిగొచ్చి నా చేతిలో ఒక గుండు పెట్టింది. ఆ రోజు నేను కొట్టినవేవీ వృత్తంలో పడలేదు. కానీ పక్కింటావిడ పిలిచినా తల తిప్పలేదు. తుపాకి నాన్నకిచ్చాకే పలికాను.

మెర్దేకా శనివారం వచ్చింది. తోట క్లబ్బులో రేడియో చుట్టూ అందరం నిలబడి విన్నాం. పిల్లలకు చిన్న జెండాలు పంచారు. పెద్దవాళ్ళు కొందరు సంతోషించారు, కొందరు ఇక తోటలు ముక్కలు చేసి అమ్మేస్తారేమోనని గుసగుసలాడుకున్నారు. మర్నాడు ఆదివారం. మామూలుగానే గట్టుకు వెళ్ళాం. పక్కింటావిడ కూడా మాతో వచ్చి, ఒక గంటసేపు వెనక కూర్చుని చూసి, వచ్చే వారం తనకూ నేర్పమని అమ్మను అడిగింది. ముందు మూడు వారాలు గుండు ఉండదని అమ్మ చెప్పింది.

మరుసటి ఏడాది నాన్నకు హుటాన్ మెలింటాంగ్ దగ్గర తోటలో పని దొరికింది. ఇల్లు ఊళ్ళోనే, నది ఒడ్డున, గోడకు గోడ ఆనుకున్న వరసలో. ఎటు చూసినా మనుషులు, పడవలు, ఆరబెట్టిన వలలు. మట్టిగట్టు కోసం నాన్న రెండు వారాలు సైకిలు మీద వెతికాడు. దొరకలేదు.

"సోటు లేనప్పుడు ఇంట్లో ఎందుకు," అంది అమ్మ. "ఇచ్చేయండి."

నాన్న స్టేషనులో అప్పజెప్పి, లైసెన్సు రద్దు చేయించుకుని వచ్చాడు. ఆ తరవాతి ఆదివారం ఫలహారం కాగానే నలుగురం అలవాటుగా చెప్పులేసుకుని గుమ్మంలోకి వచ్చేశాం. ఎక్కడికి వెళ్ళాలో ఎవరికీ తెలీదు. నాకైతే కాళ్ళు ఆగడం లేదు. కాసేపు చూసి అమ్మే ముందు నడిచింది. మేము ఆమె వెనక పడవల రేవువైపు వెళ్ళాం.