వెబ్‌సైటుకు దిష్టిచుక్క

నేను రాసిన మొదటి పేజీ తెర మీద కనపడినప్పుడు కంప్యూటర్ ల్యాబులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అందులో ఉన్నది ఒక్కటే మాట, నమస్కారం. దానికి ముందూ వెనకా నాలుగు గుర్తులు చేర్చేసరికి అది పెద్దదైంది, మధ్యకొచ్చింది, ఆకుపచ్చగా మారింది. జీవితంలో నేను చెప్పినట్టు విన్న మొదటి ప్రాణి అదే. మా తమ్ముడు ఒక్కసారి కూడా అలా వినలేదు. ఆ పేజీని హాస్టల్లో అందరికీ చూపించాను, వద్దన్నవాళ్ళకి కూడా చూపించాను.

గుంటూరులో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను అప్పుడు. వెబ్ రాత, డిజైను కలిపి ఒక పేపరు ఉండేది. ఆ పాఠం చెప్పే మేడం సన్నగా, గట్టిగా ఉండేవారు. మాటలు కూడా అంతే. "చదివేవాడు బొటనవేలితో చదువుతాడమ్మా, ఓపికతో కాదు," అనేవారు. "పేజీ మీద ప్రతిదానికీ ఓ పనుండాలి. పనిలేనిది అక్కడ కూర్చోకూడదు." ఆ మాటలు నాకెంత నచ్చాయంటే ఇంటికెళ్ళినప్పుడు మా అమ్మ షోకేసులో బొమ్మలకి కూడా పనేమిటని అడిగి తిట్లు తిన్నాను.

సెమిస్టరు ప్రాజెక్టుకి ఆవిడ పెట్టిన షరతు ఒకటే. నిజమైన పని చేసుకునే నిజమైన మనిషికి సైటు తయారుచెయ్యాలి. చివరి రోజున ఆ మనిషిని క్లాసుకి తీసుకురావాలి. అందరి ముందూ సైటు చూపించాక మేడం ఆయన్ని, "ఇది మీదేనా?" అని అడుగుతారు. అవునంటే పాసు. కాదంటే అది ఎంత అందంగా ఉన్నా మళ్ళీ మొదటికే.

ఒకడు బిర్యానీ హోటలు పట్టుకున్నాడు, ఒకమ్మాయి బ్యూటీపార్లరు. నేను మా బాబాయిని పట్టుకున్నాను.

మా నాన్న తమ్ముడాయన. చిలకలూరిపేట దాటాక మా ఊళ్ళో మిరప నారు పెంచుతాడు. మా వైపు చాలామంది రైతులు ఇప్పుడు సొంతంగా నారు పోసుకోవడం మానేశారు. పచ్చ నెట్టు నీడలో ట్రేలలో పెంచిన నారుని నర్సరీలో ముందే చెప్పుకుని, వానలు పడ్డాక తీసుకెళ్తారు. నారు మంచిదైతే చేను సగం గెలిచినట్టే. అందుకే నర్సరీవాడి గురించి ఊళ్ళో ఏమనుకుంటున్నారన్నది చాలా పెద్ద సంగతి. ఆ పేరు పోతే ఆ ఏడాదంతా పోయినట్టే.

బాబాయి గొంతు పెద్దది. ఆయన ఫోన్లో మాట్లాడుతుంటే అవతలివాడికి ఫోనెందుకా అనిపిస్తుంది. సైటు సంగతి చెప్పగానే, "నన్ను టీవీలో చూపిస్తావేందే?" అని మురిసిపోయాడు. నేను స్టూలెక్కి నారు ఫొటోలు తీశాను. నెట్టులోంచి పడే పచ్చటి వెలుతురులో ఆ నారు ఎంత ముచ్చటగా ఉందో! ఒక్క మొక్క తల వంచలేదు. ఆ ఫొటోని పేజీ నిండా పరిచి, పైన "ప్రకృతి ఒడిలో పచ్చని కలలు" అని రాశాను.

మేడం చూసి, "కలలు ట్రేల్లో ఇస్తారా, సంచుల్లోనా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కానీ హాస్టలుకొచ్చి అది కొట్టేసి, "మిరప నారు. వచ్చి చూసి తీసుకెళ్ళండి," అని రాసుకుంటే అదే నిజంగా బాబాయి మాటలా ఉంది. ఆ సంతోషం పట్టలేక వెంటనే లింకుని మా చుట్టాల గ్రూపులో పెట్టేశాను. వాళ్ళు ఊళ్ళోవాళ్ళకి పంపారు, ఊళ్ళోవాళ్ళు పక్క ఊళ్ళకి పంపారు. నా పేజీని ఎంతమంది తెరిచారో చూపించే అంకె పెరుగుతుంటే నాకు అన్నం సహించలేదు.

ఆ వారమే ముసురు పట్టింది. నెట్టు కింద తడి ఆరలేదు. ఓ పొద్దున బాబాయి వెళ్ళి చూసేసరికి ఒక వరస ట్రేలలో నారు మొదళ్ళ దగ్గర మెత్తబడి పక్కకి ఒరిగిపోయి ఉంది. నారుకుళ్ళు తెగులు. ముసురు పట్టినప్పుడు ఎవరికైనా వచ్చేదే. కానీ బాబాయి నాకు ఫోన్ చేసి అరిచిన మాట వేరు.

"తీసెయ్! ముందు దాన్ని తీసెయ్! లోకం మొత్తానికి చూపించావు కదే నా నారుని!"

నేను శనివారం బస్సెక్కి ఊరెళ్ళాను. నర్సరీ గేటుకి బూడిద గుమ్మడికాయ ఎప్పటినుంచో వేలాడుతూనే ఉంది. కొత్తగా పాత చెప్పొకటి దానికి తోడైంది.

"ముసురుకి పోయింది బాబాయ్. దిష్టికి కాదు."

"నరుడి కంటికి నాపరాళ్ళైనా పగులుతాయంటారు. నారో లెక్కా?"

"అయితే పిడుగురాళ్ల క్వారీల్లో మందుగుండెందుకు? నాలుగు బస్సుల జనాన్ని తీసుకెళ్ళి చూపిస్తే సరిపోదా?"

బాబాయికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. పిన్ని మాత్రం నవ్వలేదు. లోపల్నుంచి గుప్పెడు ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు తెచ్చి, సైటు తెరిచి ఉన్న నా ఫోన్ చుట్టూ మూడుసార్లు తిప్పి, పొయ్యిలో వేసింది. మిరపకాయలు మాడినా ఘాటు రాలేదు. ఒక్కరం దగ్గలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టని మా ఇళ్ళల్లో లెక్క. పిన్ని నావైపు చూసిన చూపుకి నా చదువంతా ఎగిరిపోయింది.

"చంటిపిల్లని చుక్క పెట్టకుండా ఎవరన్నా బయటికి తీసుకెళ్తారటే?" అంది పిన్ని. "దానికీ ఓ చుక్క పెట్టు. అప్పుడు ఎంతమంది చూసినా పర్లేదు."

బాబాయి దానికి ఒప్పుకున్నాడు. చుక్కుంటేనే సైటుంటుంది, లేకపోతే క్లాసుకి కూడా రానన్నాడు. నేను అక్కడే మంచం మీద కూర్చుని ఫొటోలో ఓ మూల నల్లటి చుక్క పెట్టాను. పిన్ని దగ్గరుండి, "ఇంకొంచెం పెద్దది, బుగ్గ మీద పెట్టినట్టుండాలి," అని కొలత చెప్పింది.

అసలు కష్టం అది కాదు. బాబాయి నారు మొత్తం కుళ్ళిపోయిందని ఊళ్ళో మాట పుట్టింది. నారు చెప్పుకున్న రైతులు ఫోన్లు ఎత్తడం మానేశారు. "జరిగింది జరిగినట్టు సైట్లో రాసేద్దాం బాబాయ్," అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. "నా పరువు నువ్వే బజార్లో పెడతావా? ఆ మాటెత్తితే చూడు," అన్నాడు. నేను ఎత్తలేదు. కానీ బస్సులో కూర్చున్నంతసేపూ ఉడికిపోయాను. మిగతా వరసలన్నిట్లో మంచి నారు ఉంది, అడిగే దిక్కులేదు.

చివరి రోజున బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మేడంకి ఓ ట్రే నారు పట్టుకుని వచ్చాడు. నా వంతు రాగానే సైటుని ప్రొజెక్టరు మీద గోడంత చేసి చూపించాను. ముందు వరసలో కుర్రాడొకడు లేచి జేబురుమాలుతో ప్రొజెక్టరు అద్దం తుడిచాడు. చుక్క పోలేదు. మేడం తన ఫోన్లో తెరిచి, పైటకొంగుతో రుద్దారు. అక్కడా పోలేదు.

"ఏమిటిది?" అన్నారు.

"దిష్టిచుక్క మేడం."

క్లాసంతా గొల్లున నవ్వింది. మేడం నవ్వలేదు. "సరే. దీని పనేమిటి?"

ఆవిడ చెప్పిన సూత్రం ఆవిడకంటే ఎక్కువగా నమ్మినదాన్ని నేను. అంతలో వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. పర్చూరు వైపు రైతుల పిల్ల. "ఏమనుకోవద్దు బాబాయ్‌గారూ, ఈ నర్సరీలో నారంతా కుళ్ళిపోయిందని మా నాన్న చెప్పాడండి. మేం కూడా మీ దగ్గరే చెప్పుకున్నాం," అంది.

నవ్వులు ఆగిపోయాయి. ఆయన ఇప్పుడు లేచి వెళ్ళిపోతాడు, నా ప్రాజెక్టు పోతుంది, దానికంటే ముందు ఆయన పరువు నలభైమంది పిల్లల ముందు పోతుంది అనుకున్నాను. బాబాయి లేచాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. గోడ మీద ఉన్న తన నారుని కాసేపు చూశాడు.

"రాయవే," అన్నాడు నాతో.

"ఏంటి బాబాయ్?"

"నేను చెప్తా, నువ్వు రాయి. ఆ చుక్క మీద నొక్కితే అదే రావాల. పని కావాలంటున్నారు కదా, ఆ చుక్కకి అదే పని."

మేడం వైపు చూశాను. ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చుని, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపారు. తెర మీద ఖాళీ పేజీ తెరిచాను. బాబాయి చెప్పుకుపోయాడు, మామూలుగా ఫోన్లో మాట్లాడే ఆ గొంతుతోనే. నేను టైపు చేస్తుంటే ఒక్కో మాటా గోడ మీద పడుతోంది.

"ముసురుకి మా నర్సరీలో ఒక వరస నారు కుళ్ళింది. తడి ఆరకముందే నీళ్ళు పెట్టాం, అది మా పొరపాటు. ఆ వరస మొత్తం తీసి తగలబెట్టాం. అందులో ఒక్క మొక్క కూడా ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వం. మిగతా నారు ఉంది. వచ్చి మీ చేత్తో పీకి, వేరు చూసుకుని తీసుకెళ్ళండి."

మధ్యలో ఒకసారి ఆగి, "మా పొరపాటు అని రాశావా?" అని అడిగాడు. రాశానన్నాను. అది నాకూ కొత్త సంగతే. దిష్టి దిష్టి అని అన్నాళ్ళు అరిచిన మనిషి నీళ్ళ సంగతి లోపల దాచుకునే ఉన్నాడు.

చుక్కకి ఆ పేజీని కలిపాను. బాబాయి ముందుకొచ్చి గోడ మీద చుక్కని బొటనవేలితో గట్టిగా నొక్కాడు. ఏమీ కాలేదు. నేను నవ్వాపుకుని మౌస్ నొక్కాను. ఆయన మాటలు గోడ నిండా వచ్చేశాయి. నమస్కారం ఆకుపచ్చగా మారిన రోజున కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

వెనక వరసలో ఆ అమ్మాయి ఫోను తీసి గోడని ఫొటో తీసింది. "మా నాన్నకి పంపుతున్నానండి," అంది.

మేడం ఆ పేజీ మొత్తం చదివారు, పెదాలు కదుపుతూ. తరవాత కళ్ళజోడు తీసి, అందరినీ అడిగే ప్రశ్నే అడిగారు.

"ఇది మీదేనా అండి?"

"నాదేనండి," అన్నాడు బాబాయి. "ఆ చచ్చిన నారు కూడా నాదే."