ఇస్తరాకులో ఇంగిలీసు కూర

మా అమ్మాయి పోయింది. విషజ్వరమని ఆస్పత్రిలో చేర్చాం. మాట్లాడుతూ మాట్లాడుతూనే కళ్ళు మూసింది. ఈ సంగతి తెలియనివాళ్ళు ఇంకా మా వీధికి వచ్చి, హల్వా పిల్ల ఏదీ, బండి పెట్టడం లేదేం అని అడుగుతున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తలో, మల్కాపురంలో స్టీల్‌ప్లాంటు బస్సు ఆగే చోట నా కూతురు క్యారెట్ హల్వా బండి పెట్టింది. అప్పటికి అక్కడ దొరికేవి బజ్జీలు, పునుగులే. పోర్టు దుమ్ము పడకుండా మూకుడు మీద మూత, మూత మీద తడిగుడ్డ వేసుకునేది. ఆడపిల్ల రోడ్డు మీద గరిటె తిప్పడమేమిటని మా వదిన, అంటే మా ఇంటాయన అక్క, వీధంతా వినేలా తిట్టింది. బండి తీసెయ్యమంది.

అమ్మాయి నవ్వింది. "అత్తా, నువ్వు తిని బాగోలేదను, అప్పుడు తీత్తాను."

వదిన తినలేదు. బండి కదల్లేదు.

మిక్సీ ముట్టనిచ్చేది కాదు నా కూతురు. వేళ్ళు చెక్కుకుపోయినా తురుముపీటే. పాలు ఇగరడం లేదని నేను మంట పెంచబోతే చెయ్యి పట్టుకునేది. "పాలకే తొందర్లేదు, నీకేటమ్మా తొందర?" అనేది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే దాని మీద కోపం వస్తుంది. మరి నీకేటే అంత తొందర?

పెద్దకర్మ నాడు దానికి ఇష్టమైనవి వండమన్నారు. పొద్దున్నే క్యారెట్లు తురమడం మొదలెట్టాను. వదిన చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. క్యారెట్టు, క్యాబేజీ ఇంగిలీసు కూరలు, కర్మకి పనికిరావని మాలో పట్టింపు. పెద్దలు ఎరగని కూర ఆకులో వేస్తే కాకి ముట్టదట. అరటికాయ, కంద వండు చాలు అంది.

"పోనాది పెద్దోళ్ళు కాదొదినా, నా కూతురు" అన్నాను. "దాని ఆకులో ఇది లేకపోతే నాను ఆకే ఎయ్యను."

పంతులుగారు నా మొహం చూసి ఇస్తరాకు అందించారు. మేడ మీద పిట్టగోడపైన దాన్ని పెట్టాం. అన్నం, కంద, మధ్యలో ఎర్రగా హల్వా. కాకులు ఎదురు కరెంటు తీగ మీద కూర్చున్నాయి గానీ దిగలేదు. ఎండెక్కింది. కాకి ముట్టే వరకూ ఎవరూ తినకూడదు కాబట్టి చుట్టాలంతా కింద ఆకలితో కూర్చున్నారు. వదిన మళ్ళీ మేడెక్కింది. ఆ ఒక్కటీ తీసెయ్యవే, కాకి వస్తుంది, లేకపోతే పిల్ల ఆకలితో తిరుగుతుంది అని ఏడ్చింది. ఆమె ఏడుపు నిజమే. కానీ ఉన్నప్పుడు బండి తియ్యమన్నారు, పోయాక హల్వా తియ్యమంటున్నారు.

"మూకుట్లో ఇంకా ఉంది వొదినా. నువ్వు తిని బాగోలేదను, అప్పుడు తీత్తాను."

వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మెట్లు దిగిపోయింది. ఇక కాకి కోసం చూడకుండా భోజనాలు వడ్డించెయ్యమని కిందకి కేకేసి, నేను పిట్టగోడ పక్కనే కూర్చున్నాను.

హార్బరు వైపు నుంచి గాలి లేచింది. ఇస్తరాకు అంచులు టపటపా కొట్టుకున్నాయి. మెతుకులు చెదిరిపోయాయి. హల్వా బరువుకి ఆకు మాత్రం కదల్లేదు.