ఇంటి కిందికి దిగిన గీత

2005 జులైలో నన్ను పాల్వంచ నుంచి దమ్మపేట వైపు అడవి అంచున ఉన్న ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలకు బదిలీ చేశారు. హోదా జూనియర్ లెక్చరర్, సబ్జెక్టు ఫిజిక్స్. ఆ సబ్జెక్టుకు అక్కడ నేనొక్కదాన్నే. పాఠం చెప్పడం, ల్యాబ్ తాళం తీయడం, పేపర్లు దిద్దడం, రాని పిల్లల మీద కోప్పడటం, అన్నీ నావే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి పిల్లలకు వారంలోనే తెలిసిపోయింది.

ఇంటర్ మొదటి సంవత్సరంలో సరళరేఖా చలనం అనే పాఠం ఉంటుంది. అందులో స్థానభ్రంశానికీ కాలానికీ గ్రాఫు గీయాలి. అడ్డంగా కాలం, నిలువుగా బయలుదేరిన చోటి నుంచి ఎంత దూరంలో ఉన్నామో గుర్తిస్తాం. గీత ఎంత నిటారుగా ఉంటే అంత వేగం. అడ్డంగా సాగితే ఆగి ఉన్నట్టు. బయలుదేరిన చోటికే తిరిగొస్తే గీత మళ్లీ సున్నాకు దిగాలి. ఫిజిక్స్ మొత్తంలో ఇంతకన్నా తేలిక సంగతి లేదని నా నమ్మకం.

ఫిబ్రవరిలో ప్రీఫైనల్ పెట్టాం, అంటే పబ్లిక్ పరీక్షకు ముందు కాలేజీలోనే పెట్టుకునే పరీక్ష. మీ ఇంటి నుంచి బస్సు రోడ్డుకు నడిచి, కాసేపు ఆగి, అదే దారిన తిరిగొస్తే గ్రాఫు ఎలా ఉంటుందో గీయమన్నాను. గుట్ట మీది ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే నాగమణి గీసింది చూసి నాకు మతి పోయింది. గీత పైకి లేచింది, కాసేపు అడ్డంగా సాగింది, తర్వాత దిగడం మొదలుపెట్టి సున్నాను దాటి ఇంకా కిందికి పోయి ఆగింది.

మర్నాడే వాళ్ల నాన్న వచ్చాడు. కల్లూరు వైపు మిర్చి ఏరడానికి పోయే కూలీల గుంపు బయలుదేరుతోంది. "పాసైతదంటే ఈడనే ఉంచుత మేడం. కాదంటే ఇప్పుడే తోల్కపోత. మిర్చి పని అయిపోయినంక ఏం లాభం?" అన్నాడు. మిగతా సబ్జెక్టుల్లో ఫరవాలేదు, ఫిజిక్స్‌లోనే వెనకబడింది కాబట్టి మీరే చెప్పండని ప్రిన్సిపాల్ నా మీదికి తోసేశారు. ఏమని చెప్పను! పిల్లను పిలిపించి పేపరు ముందు పెట్టాను.

"సున్నా అంటే మీ ఇల్లు. గీత దాని కిందికి పోయిందంటే ఇల్లు దాటి అవతలికి పోయినట్టు. ఎక్కడికి పోయావమ్మా?"

"యాడికి పోలే మేడం. ఇంట్లనే ఉన్న."

"మరి ఇదేంది?"

"అవతల అడవే మేడం. ఆడికెందుకు పోత?"

నాకు ఒళ్లు మండింది. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మధ్యలో వాళ్ల నాన్న అందుకున్నాడు. "సరిగనే గీసింది గదా మేడం. పోంగ కోసెడు, రాంగ రెండు కోసులు."

కోసు అంటే దారిని కొలిచే పాత కొలత. ఒకే దారి పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు రెండు ఎట్లా అవుతుందని అడిగాను. దిగేటప్పుడు చేతులు ఖాళీ, ఎక్కేటప్పుడు నెత్తి మీద బియ్యం మూట అన్నాడు. వాళ్ల ఊళ్లో దూరమంటే కాళ్లు పడే కష్టం. మళ్లీ గ్రాఫు చూశాను. పోయే గీత, వచ్చే గీత రెండింటి వాలూ ఒకటే. నాగమణి లెక్కలో తన నడక మారలేదు, దారే పెరిగింది. అంతవరకు ఆమె లెక్క పొల్లుపోలేదు. కానీ ఇల్లు మాత్రం రెండు చోట్ల ఉంది. కాసేపు నాకే ఏది తప్పో తెలియలేదు.

చివరికి నిలువు గీత మీది అంకెలన్నీ కొట్టేయించాను. వాటి బదులు ఇల్లు, చెలమ, వాగు, రోడ్డు అని రాయించాను. ఎంత దూరమో వద్దు, ఏ పొద్దుకు ఎక్కడున్నావో చుక్క పెట్టమన్నాను. ఈసారి గీత ఇంటి దగ్గరే ఆగింది. వచ్చే గీత మాత్రం పోయే గీతంత నిటారుగా లేక బాగా వాలింది.

నాగమణి దాన్నే చూస్తూ, "అంటే దారి పెరగలే. నేనే మెల్లగ నడిచిన్నా?" అంది. ఆ మాటలో సంతోషమేమీ లేదు. వాళ్ల నాన్నకైతే అసలు నచ్చలేదు. "మూట ఎత్తుకోని గుట్టెక్కి చూడుండ్రి మేడం, పెరిగిందో లేదో తెలుస్తది," అన్నాడు.

పాసవుతుందని చెప్పాను. "గట్టిగ చెప్తున్నరా?" అని అడిగాడు. గట్టిగానే అన్నాను, లోపల నాకే అంత నమ్మకం లేకపోయినా. ఆయన కూతురి వంక ఒకసారి చూసి ఒక్కడే గుంపుతో పోయాడు.

మార్చి పేపర్లో గ్రాఫు ప్రశ్న రానేలేదు. నాగమణి మాత్రం ఫిజిక్స్ పాసై రెండో సంవత్సరంలో కూర్చుంది. ఆ రోజు అర్థమయ్యే పాసైందో, భయానికి బట్టీ పట్టి పాసైందో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను నేర్చుకున్నది మాత్రం చెప్పగలను. తప్పు ఆమె గీతలో లేదు. దూరం అనే మాటకు మా ఇద్దరి అర్థం ఒకటేనని నేను అడగకుండానే అనుకోవడంలో ఉంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ క్లాసులోనైనా గ్రాఫు మీద ముందు చోట్ల పేర్లే రాయించాను. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎవరి ఇల్లు వాళ్లకు ఒకే చోట కుదిరాకే కిలోమీటర్లు.