మీ వాళ్ళకే పంపారుగా

మా అక్కకి కిడ్నీలు పాడయ్యాక, రోజు విడిచి రోజు ఆమెని డయాలసిస్‌కి తీసుకెళ్ళడం నా పని అయింది. బావ పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. నా దగ్గరే ఉంటుంది. నేను పక్క ఊరి హైస్కూల్లో తెలుగు చెప్తాను. మా హెడ్మాస్టరు గారు మంచి మనిషి, ఆస్పత్రి ఉన్న రోజుల్లో నా క్లాసులన్నీ పొద్దున్నే ఉండేలా సర్దారు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, అక్కని బండి ఎక్కించుకుని బయల్దేరేవాణ్ణి. మిరపకాయ కోతల కాలంలో ఆ దారికి రెండు వైపులా కల్లాలే. ఆరబోసిన కాయల ఘాటుకి అక్క దగ్గుతూ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో నా చొక్కా పట్టుకుని కూర్చునేది.

ఆస్పత్రి చిన్నది, సర్కారుది. డయాలసిస్ వార్డు వెనకవైపు ఒక పొడుగాటి గది. మంచాలు, మంచాల పక్కన మిషన్లు, గోడకి ఒక టీవీ. సూది గుచ్చాక గంటల తరబడి కదలకుండా పడుకోవాలి కాబట్టి అందరి కళ్ళూ ఆ టీవీ మీదే. రిమోట్ ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. ఎప్పుడూ వార్తలే వచ్చేవి.

అక్క పక్క మంచం ఒక మిరప రైతుది. అరవై దాటిన మనిషి, పెద్ద గొంతు. పక్కవాడి చెవిలో చెప్పాల్సిన మాట కూడా వార్డంతా వినపడేలా చెప్తాడు. మొదటిరోజే నన్ను పట్టుకుని ఏ ఊరు, ఎవరబ్బాయివి అని ఆరా తీశాడు. చెప్పాను. మేం దూదేకులవాళ్ళం. మా తాతా, నాన్నా ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. నమాజులో చదివే నాలుగు ముక్కలు తప్ప మా ఇంట్లో ఎవరికీ తెలుగు కాకుండా ఇంకో భాష రాదు.

"ఓర్నీ! మా పెళ్ళి పరుపు కుట్టింది మీ నాన్నే మేష్టారూ!" అన్నాడాయన మంచం మీంచి లేవబోతూ. టెక్నీషియన్ వచ్చి భుజం పట్టుకుని పడుకోబెట్టాడు. "ఆ దూది మా చేలోదే. రెండ్రోజులు మా అరుగు మీద కూర్చుని కుట్టాడు. ఇప్పటికీ ఉంది ఆ పరుపు, మా ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వదు."

అప్పట్నుంచీ అక్క ఆయనకి చెల్లెమ్మ అయింది. ఆయన అక్కకి అన్నయ్య. ఇద్దరికీ నీళ్ళు కొలిచి తాగమన్నారు డాక్టర్లు. ఎండ ముదిరే కొద్దీ నాలుక పిడచగట్టేది. ఆయన భార్య ఇంటి దగ్గర్నుంచి ఫ్లాస్కులో ఐసుముక్కలు తెచ్చేది. ఆయనకొకటి, మా అక్కకొకటి. ఇద్దరూ చిన్నపిల్లల్లా బుగ్గన పెట్టుకుని, ఎవరిది ముందు కరిగిందో చూసుకునేవాళ్ళు. నేను అక్కడ కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, ఇంత జబ్బులో కూడా అక్కకి ఒక పుట్టిల్లు దొరికిందే అనుకునేవాణ్ణి.

ఎండలు ముదురుతుండగా ఒక మిషన్ ఆగిపోయింది. కొన్నాళ్ళకి ఇంకొకటి. బాగుచేసేవాళ్ళకి కబురు పెట్టామన్నారు. తర్వాత, నిధులు రాలేదన్నారు. పొదుపు చెయ్యమని పైనుంచి ఆర్డరొచ్చిందని సూపరింటెండెంటు గారు నెమ్మదిగా చెప్పారు. రక్తం పట్టడానికి వేసే ఇంజక్షన్లు కూడా బయట కొనుక్కోమన్నారు. ఉన్న మిషన్లకే అందర్నీ సర్దాల్సొచ్చి మా వంతులు వెనక్కి పోయాయి. కొందర్ని గుంటూరు వెళ్ళమన్నారు. పల్లె వెలుగు బస్సులో అంతదూరం పోయి, రక్తం కడిగించుకుని, మళ్ళీ అదే బస్సులో నిలబడి రావడమంటే మాటలా? ఒక ముసలావిడ రెండుసార్లు వెళ్ళి, మూడోసారి మానేసింది. తర్వాత ఆవిడ ఏమైందని ఎవరూ అడగలేదు.

వంతు తప్పిన రోజుల్లో అక్క మొహం ఉబ్బిపోయేది. రాత్రిళ్ళు పడుకుంటే ఊపిరాడక కూర్చునే ఉండేది. రైతు పరిస్థితీ అంతే. పైగా ఆ ఏడు మిరపకి ధర లేదు. కాయ కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎదురుచూస్తున్నాడు. గొంతు మాత్రం తగ్గలేదు. తిట్టేవాడు. ఎవర్ని తిట్టాలో తెలీక అందర్నీ తిట్టేవాడు. మాకూ ఆయన తిడుతుంటే హాయిగానే ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం టీవీలో ఆ వార్త వచ్చింది. ఎక్కడో ఒక దేశంలో భూకంపం. మన దేశం సాయం పంపుతోంది. పెద్ద విమానం, దాని పొట్టలోకి ఎక్కిస్తున్న పెట్టెలు. మందులు, గుడారాలు, ఒక ఆస్పత్రికి కావల్సిన సామానంతా వెళ్తోందని చెప్తున్నారు. ఒక పెట్టె మీద మిషన్ బొమ్మ కనపడింది. అది ఏ మిషనో ఎవరికి తెలుసు? కానీ వార్డులో అందరికీ అది కిడ్నీ మిషన్ లాగే కనపడింది. నాకూ అలాగే కనపడింది.

"చూశారా? విమానమేసుకుని మరీ ఇచ్చొస్తున్నారు," అంది అటు చివర మంచం దగ్గరున్నావిడ. ఆ మంచం మీదున్నది ఆవిడ కొడుకు, చిన్నవయసు.

"మన మిషన్‌కి ఒక ముక్క వెయ్యడానికి మాత్రం డబ్బుల్లేవంట."

"మనం చచ్చినా టీవీలో రాంగా. అందుకే."

గది వేడెక్కింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఇంతలో టీవీలో ఆ దేశం మనుషుల్ని చూపించారు. కూలిన గోడల మధ్య గడ్డాలున్న మగవాళ్ళు, తలమీద గుడ్డలు కప్పుకున్న ఆడవాళ్ళు, ఒకావిడ మట్టిలో చేతులు పెట్టి తవ్వుతోంది. మా రైతు ఆ బొమ్మ చూశాడు. తల ఇటు తిప్పి మా అక్కని చూశాడు, నన్ను చూశాడు.

"ఇంకేం మేష్టారూ, మీ వాళ్ళకే పంపారుగా," అన్నాడు.

నవ్వుతూనే అన్నాడో, కోపంగా అన్నాడో ఇప్పటికీ చెప్పలేను. వార్డంతా చప్పుడు ఆగింది. మిషన్ల గుర్రుమనే శబ్దం ఒక్కటే. అందరూ మా వైపే చూస్తున్నారు. ఆ దేశం మ్యాపులో ఎటువైపుందో కూడా సరిగ్గా చెప్పలేను నేను. అయినా ఏదో దొంగతనం బయటపడ్డట్టు తల వంగిపోయింది. అక్క పడుకున్న మంచం, అక్క చేతికి తగిలించిన ఆ పైపులు, ఆ మిషన్, అన్నీ ఎవరివో లాక్కున్నట్టు అనిపించింది.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను.

"మా వాళ్ళేంటన్నా? మా వాళ్ళు ఇక్కడ పడుకునున్నారు," అన్నాను. అక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేదు. "అసలెందుకు పంపాలి? వాళ్ళేమన్నా మనకి పెట్టారా? వాళ్ళ చావు వాళ్ళు చస్తారు. ముందు ఇక్కడ చచ్చేవాళ్ళ సంగతి చూడమనండి!"

క్లాసులో పాఠం చెప్పే గొంతుతో అన్నాను. వెనక మంచాల దాకా వినపడాలనే అన్నాను.

"శభాష్ మేష్టారూ!" అన్నాడు ఎవరో. రైతు కూడా తల ఊపాడు. అందరి మొహాలూ తేలికపడ్డాయి. చివర మంచం ఆవిడ నాకు కుర్చీ జరిపింది. అక్క మాత్రం పైపుల్లేని చేత్తో కొంగు తల మీదకి లాక్కుని, గోడ వైపు తిరిగింది.

ఇంటికి సగం దారి వచ్చాం. అప్పుడు అక్క నా వీపు వెనకనుంచి అడిగింది.

"ఎందుకురా అంత గట్టిగా అరిచావు?"

"నీకోసమే అక్కా. మిషన్ లేక ఎంత అవస్థ పడుతున్నావో చూస్తున్నాగా."

"నాకోసం కాదులే. నీకు భయమేసింది."

నేను ఎదురొస్తున్న ట్రాక్టరుకి దారిచ్చాను.

"నాకూ కుళ్ళుగానే ఉందిరా ఆ పెట్టెలు చూస్తే," అంది మళ్ళీ. "ఒక్కటి ఇక్కడ దింపి పోకూడదా అనుకున్నా. అబద్ధమెందుకు? కానీ ఆ ఆడమనిషి చేతుల్తో తవ్వుతోంది చూశావా? పిల్లలున్నారేమో లోపల. ఆవిణ్ణి పట్టుకుని చావమన్నావు."

వారం తిరక్కుండా ఆస్పత్రి ముందు కూర్చోవాలని అందరం నిర్ణయించుకున్నాం. పేషెంట్లు, ఇంట్లోవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు కొందరు. అందులో తప్పేం లేదు. మిషన్లు బాగుచెయ్యమని అడగడం మా హక్కు. ఎండలో టెంటు వేసుకుని కూర్చున్నాం. ఒక లోకల్ చానల్ విలేకరి వచ్చాడు. ఎవరు మాట్లాడతారంటే అందరూ నన్నే తోశారు. "మేష్టారు బాగా చెప్తారు, మొన్న వార్డులో చూడలా," అన్నారు. ఇంకొకాయన నా చెవి దగ్గర, "మీరే చెప్పాలండీ. మేం చెప్తే ఏదోలా ఉంటది. మీరు చెప్తే ఇంకెవరూ మాట్లాడలేరు," అన్నాడు.

నన్నెందుకు ఎంచారో అప్పుడర్థమైంది. అర్థమయ్యాక కూడా మైకు ముందుకెళ్ళాను.

మిషన్ల గురించే చెప్పాలనుకుని వెళ్ళాను, చెప్పాను కూడా. గుంటూరు బస్సు గురించి, రావడం మానేసిన ముసలావిడ గురించి. విలేకరికి అది చాల్లేదు. "మరి విదేశాలకి కోట్లు సాయం చేస్తున్నారు కదా సార్, దాని గురించి మీరేమంటారు?" అన్నాడు. నా వెనక అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు, వార్డులో విన్నదే. అక్క చెప్పిన మాట గుర్తుంది. అయినా నోరు అటే పోయింది. "పంపకూడదండీ. ఒక్క రూపాయి కూడా పంపకూడదు," అన్నాను. చప్పట్లు కొట్టారు.

సాయంత్రం చానల్లో వచ్చింది. మిషన్ల సంగతి, ముసలావిడ సంగతి కత్తిరించేశారు. నా పేరు పెద్ద అక్షరాల్లో వేసి, ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ చూపించారు. తెల్లారేసరికి అందరి ఫోన్లలోకీ పాకింది. స్కూల్లో పిల్లలు చుట్టూ మూగి, "సార్, భలే చెప్పారు సార్!" అన్నారు. ఎప్పుడూ పలకరించని మనుషులు బండి ఆపి భుజం తట్టారు. "నువ్వు మావాడివయ్యా," అన్నాడొకాయన, ప్రేమగానే. అంతకుముందు దాకా ఎవరివాణ్ణో అడగాలనిపించింది. చేతులు జోడించి వచ్చేశాను.

ఆ శుక్రవారం మసీదుకెళ్ళాను. ప్రార్థన అయ్యాక ఇమాం గారు భూకంపంలో పోయినవాళ్ళ కోసం దువా చేశారు. అందరితోపాటు నేనూ చేతులెత్తాను. పక్కన కూర్చున్న ముసలాయన నన్ను చూశాడు. కొంచెం జరిగాడు అంతే. జరగలేదేమో, నాకే అలా అనిపించిందేమో. ఎత్తిన చేతులు దింపుకుని, దువా సగంలో ఉండగానే చెప్పులు వెతుక్కుంటూ బయటికొచ్చాను.

కొద్ది రోజులకి మిషన్లు బాగుచేశారు. టెంటు వల్లే అయిందో, ముందే అవ్వాల్సి ఉందో తెలీదు. క్రెడిట్ అంతా నాకే ఇచ్చారు. రైతు స్వీటు తెప్పించి వార్డంతా పంచాడు. షుగరున్నవాళ్ళు కూడా తిన్నారు.

ఆ రోజు ఐసుముక్క తీసుకుంటూ అక్క ఆయన్ని అడిగింది. మామూలుగానే, పక్కింటి సంగతి అడిగినట్టు అడిగింది.

"అన్నయ్యా, ఆరోజు మీ వాళ్ళకే పంపారుగా అన్నావు. మా వాళ్ళంటే ఎవరన్నయ్యా?"

ఆయనకి ముందు గుర్తురాలేదు. "నేనెప్పుడన్నానమ్మా?" అన్నాడు. ఆయన భార్య పక్కనుంచి, "అన్నావులే. నేనిక్కడే ఉన్నా. ఆరోజే అడుగుదామనుకున్నా," అంది. ఆయన మొహం ఎర్రబడింది. అంత పెద్ద గొంతూ పక్క మంచానికి మాత్రమే వినపడేంత తగ్గింది.

"ఏదో నోటికొచ్చిందమ్మా," అన్నాడు. "ఒంట్లో బాగోక, కాయ అమ్ముడుపోక, ఏం కూస్తున్నానో తెలీలా. తప్పే. మనసులో పెట్టుకోకు." తర్వాత నా వైపు తిరిగి, "మీరూ పెట్టుకోకండి మేష్టారూ," అన్నాడు.

"ఫర్లేదన్నా," అన్నాను. అంతకన్నా ఏమనగలను? ఆయనన్న మాట ఆ గది దాటి పోలేదు. పైగా అడగ్గానే తప్పన్నాడు. నేనన్నది జిల్లా అంతా తిరుగుతోంది, తప్పని ఒక్కరూ అనడం లేదు. అక్క ఐసుముక్క బుగ్గన పెట్టుకుని ఆయనతో పరుపు గురించి ఏదో మాట్లాడుతోంది. నేను పేపర్లు దిద్దుతున్నట్టు తల వంచుకుని కూర్చున్నాను.

మొన్నీమధ్య బజార్లో మా స్కూలు పిల్లాడి తండ్రి ఎదురయ్యాడు. పత్తి వ్యాపారం చేస్తాడు. బండి ఆపి, జనం మధ్యలోనే, "మీలాంటోళ్ళు పదిమంది ఉంటే దేశం బాగుపడుద్ది సార్. ఏం చెప్పారండీ ఆరోజు!" అన్నాడు.

"నేను చెప్పింది తప్పండి," అన్నాను. "అలా అనాల్సింది కాదు. ఇక్కడ మిషన్ అడగాలి, అంతే. వాళ్ళకి పంపొద్దనకూడదు. సిగ్గుపడుతున్నాను."

ఆయన నా మొహంలోకి చూసి పెద్దగా నవ్వాడు.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా సార్? మీరేం భయపడకండి, మేమంతా లేమా?" అని చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను మెచ్చుకోలుగా చూస్తున్నారు. నేను కొనాల్సిన కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చేశాను.