ఆరని బోర్డు

మా పెద్ద టీచరమ్మకు కొన్న రంగు మీద నమ్మకం లేదు. జూన్‌లో బడి తెరిచే ముందు బొగ్గును మెత్తగా నూరి, గుంటగలగరాకు పసరులో కలిపి, నల్లబోర్డుకు తనే పట్టించేవారు. తర్వాత పిల్లలు కూర్చునే చోట నేల మీద చతికిలబడి, బోర్డు మెరుస్తోందేమోనని అటూ ఇటూ జరుగుతూ చూసుకునేవారు. మెరిస్తే మూలనున్న బిడ్డకు అక్షరం కనబడదని ఆమె పట్టింపు.

పూతలపట్టు దగ్గరి ఆ పల్లె బడిలో నేను కొత్తగా టీచరుగా చేరిన ఏడాది, మా మూడో తరగతిని రోడ్డవతలి పెద్ద బడిలో కలిపేయాలన్నారు. లారీలు తెరిపి లేకుండా పోయే రోడ్డది. ఆ తరగతి బోర్డును అక్కడికి తీసుకుపోవడానికి మండల విద్యాశాఖ ఆఫీసు నుంచి ఒక సారు ఆటోతో వచ్చాడు.

"ఇంకా ఆరలా సార్," అన్నారామె, నల్లటి అరచేతులు చూపిస్తూ. "తాకితే మీ తెల్ల సొక్కా పాడైపోతాది."

కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. ఆ పొద్దున్నే బోర్డుకు ఇంకో పూత పడింది.

"ఇంకా ఆరలా సార్."

"ఇంత ఎండలో ఆరకపోయేదేంది?" అని ఆయన నన్నడిగాడు. నేను పసరు గిన్నె కడుగుతూ ఉండిపోయాను.

బడి తెరిచిన రోజు ఆయన మళ్లీ వచ్చేసరికి మూడో తరగతి పిల్లలు బోర్డు ముందు కూర్చుని ఉన్నారు. గుమ్మం నిండా వాళ్ల తల్లులు. టీచరమ్మ పిల్లల మధ్య నుంచి లేచి, చీర దులుపుకుని, ఆయన చేతిలో సుద్దముక్క పెట్టారు.

"ఇప్పుడు ఆరిండాది సార్. రోడ్డు దాటి పొమ్మని మీరే రాయండి. పిలకాయలు సదువుతారు."