ఊపిరికి వదిలిన అంచు

తెల్ల స్టిక్కరు అంటించాక ముత్యం బొటనవేలి గోటితో దాని కింది అంచు కొంచెం లేపుతాడు. సరిగ్గా ముక్కు దగ్గర. వడ్లగింజ దూరేంత. తర్వాత ఆ డబ్బా పక్కన పెట్టి ఇంకోటి అందుకుంటాడు.

ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి కూడా కనబడదు. తొమ్మిదేళ్ళుగా ఎవరికీ కనబడలేదు.

గోదాము గల్ఫ్‌లో, అస్కర్ అనే ఊరి దారిలో ఉంది. కిటికీలు లేవు. తలుపు తెరిస్తే దూరంగా అల్యూమినియం ఫ్యాక్టరీ పొగగొట్టాలు, మూస్తే ఏసీల హోరు. బయటి దేశాల నుంచి వచ్చే పసిపిల్లల పాలడబ్బాలు, మామూలు తిండి పడని రోగుల పొడి డబ్బాలు ఇక్కడ దిగుతాయి. అంగళ్ళకు వెళ్ళే ముందు వాటికి రెండు పనులు జరగాలి. వెనకవైపు అరబ్బీలో వివరాల చీటీ అంటించాలి. ఏమేమి కలిపారు, ఏ వయసుకు పట్టాలి, ఎన్ని నీళ్ళకు ఎన్ని చెంచాలు. ముందువైపు పసిబిడ్డ బొమ్మ ఉంటే దాన్ని కప్పేయాలి. పాలడబ్బా మీద బిడ్డ బొమ్మ కూడదని ఇక్కడి చట్టం. నవ్వుతున్న బొద్దు పాపను చూసి ఏ తల్లయినా తన పాలు మానిపించి డబ్బాపాలకు మళ్ళుతుందేమోనని.

మంచి చట్టమే. ముత్యానికి దానితో పేచీ లేదు. అరబ్బీ చీటీలు వేరేవాళ్ళు అంటిస్తారు. ముఖాలు కప్పేది ముత్యం.

రోజుకు ఐదారు వందల ముఖాలు. ఎక్కువసార్లు వచ్చేది ఒకే పాప. చెంప మీద సొట్ట. నోరు కొంచెం తెరిచి, ఎవరో పిలిస్తే అప్పుడే తల తిప్పినట్టు ఉంటుంది. ఈ తొమ్మిదేళ్ళలో ఆ పాప పెరగలేదు.

మల్లిక బతికుంటే ఇప్పుడు నాలుగో తరగతిలో ఉండేది.

జగిత్యాల పక్క పల్లెలో భార్య వినోదను కడుపుతో వదిలి ముత్యం ఇక్కడికి వచ్చాడు. మల్లిక పుట్టింది. ఐదు నెలలు ఫోన్లోనే చూశాడు. జ్వరం నాలుగు రోజులే ఉంది. బిడ్డ పోయిన సాయంత్రం బామ్మర్ది ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. సిగ్నల్ సరిగా లేదు. బొమ్మ గడ్డకట్టినట్టు ఆగిపోయి, మాటలు మాత్రం వచ్చాయి. "ఇగ చాలు బిడ్డా, పొద్దు గుంకుతంది, తీస్కపోవాలె" అని వినోదతో అంటోంది ముత్యం తల్లి దుర్గవ్వ. బొమ్మ కదిలేసరికి ఆమె బట్ట ముఖం మీదికి లాగేసింది. ముత్యానికి తెల్లబట్ట కనబడింది. ముక్కు ఉన్నచోట అది కొంచెం ఎత్తుగా ఉంది. అక్కడ కదులుతుందేమోనని చూస్తూ ఉన్నాడు. కాల్ తెగిపోయింది.

మరుసటి వారం అతన్ని మూటలు మోసే పని నుంచి మార్చి స్టిక్కర్ల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మార్చినవాళ్ళకు ఏమీ తెలియదు. మొదటి డబ్బా చెప్పినట్టే చేశాడు. రెండోదీ, మూడోదీ. పదో డబ్బా దగ్గర చెయ్యి ఆగింది. అప్పుడు గోరు దానంతటదే అంచు కిందికి వెళ్ళింది.

ఇంట్లో ఏ పని చేస్తున్నావని అడిగితే "గోదాంల సామాన్ పని" అంటాడు. ఏం సామానని వినోద ఒకసారి అడిగింది. "ఎన్నో తీర్లది" అన్నాడు. తర్వాత కొడుకు పుట్టాడు. వాడికిప్పుడు నాలుగేళ్ళు, ఫోన్ తీస్తే ఎగిరి దూకుతాడు. ముత్యం వాడితో నవ్వుతూ మాట్లాడతాడు. పెట్టేశాక కాసేపు తెరవైపు చూస్తాడు.

ఎప్పుడైనా కరెంటు పోయి ఏసీలు ఆగితే గోదాములో ఉన్నట్టుండి నిశ్శబ్దం దిగుతుంది. అరల్లో డబ్బాలు సన్నగా శబ్దం చేస్తాయి. వేడికి రేకు సాగుతుందని అందరూ అంటారు. ముత్యానికి వినబడేది రేకు చప్పుడు కాదు. ఆ అరల వైపు వీపు పెట్టి అతను కూర్చోలేడు.

ఆగస్టులో ఆకుపచ్చ మూతల డబ్బాలు వచ్చాయి. పన్నెండు వందలు. మామూలు పాలు కావు. ఏ పాలూ పడని జబ్బుతో పుట్టిన పిల్లలకు డాక్టరు రాసిస్తేనే పట్టేవి. దేశం మొత్తానికి అవి తెచ్చేది ఈ ఒక్క గోదామే. ఓడ ఆలస్యమై, రేవులో ఎండకూ ఉక్కకూ ఆగి, అప్పటికే మూడు వారాలు వెనకబడ్డాయి. వాటి మీద కూడా అదే సొట్టచెంప పాప బొమ్మ ఉంది. ముత్యం రెండు రోజుల్లో అన్నీ కప్పాడు. అన్నిటికీ ముక్కు దగ్గర అంచు లేపాడు. రేవు దుమ్ము డబ్బాల నిండా ఉంది. లేచిన అంచుల్లోకి అది చేరింది, తడిగాలి తగిలి స్టిక్కర్లు చుట్టుకుపోవడం మొదలుపెట్టాయి.

సోమవారం తనిఖీకి సర్కారు ఆఫీసరమ్మ వచ్చింది. ఒక డబ్బా తీసి అంచు పట్టి లాగింది. స్టిక్కరు ఊడి చేతికొచ్చింది. సొట్టచెంప, తెరిచిన నోరు బయటపడ్డాయి. ఇంకో డబ్బా. ఇంకోటి. ఐదు తీస్తే ఐదూ అంతే. సరుకు చుట్టూ ఎర్ర టేపు వేయించి, కాగితం మీద సంతకం చేసి వెళ్ళిపోయింది.

సూపర్‌వైజర్ శ్రీనివాసరాజు భీమవరం మనిషి. కోపం వస్తే గొంతు తగ్గిస్తాడు.

"జిగురు నాసిరకం. ఆ ప్రింటింగోడి సంగతి నేను చూస్తాను. ఉన్న స్టిక్కరు రోల్సన్నీ కట్టకట్టి వెనక్కి పంపెయ్యండి."

"కొత్తవి ఎప్పుడొస్తాయండీ?" అన్నాడు వీరబాబు. వ్యాను డ్రైవరు, కాకినాడ దగ్గరి కుర్రాడు, ముత్యం గదిలోనే ఉంటాడు.

"అచ్చేసి, అనుమతి తెచ్చేసరికి మూడు వారాలు. ఈలోగా ఈ డబ్బా ఒక్కటి కదిలినా మన గోదాం ఖలాస్."

ముత్యం రోల్సు కట్ట కట్టాడు. జిగురు వేలికి పట్టుకుంటోంది. గట్టి జిగురు. ఆ మాట అక్కడ తెలిసినవాడు తనొక్కడే. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. కావాలని సరుకు పాడుచేశాడంటారు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, దాన్ని కొట్టేసి విమానం ఎక్కిస్తాడు.

"ఏంటి మావా, దెయ్యాన్ని చూసినట్టు బిగుసుకుపోయావ్?" అని వీరబాబు భుజం తట్టాడు.

మర్నాడు సాయంత్రం ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని గదిలో వీరబాబు ఉల్లిపాయలు కోస్తుంటే అతని అక్క ఫోన్ చేసింది. సత్యకుమారి జిదాఫ్స్‌లో ఒక ఇంట్లో పసిబాబును చూసుకునే పని చేస్తుంది. చేతులు ఖాళీ లేక వీరబాబు ఫోన్‌ను నూనె సీసాకు ఆనించి స్పీకర్ పెట్టాడు.

"ఒరే తమ్ముడూ, మీ గోదాంలో ఆకుపచ్చ మూత డబ్బాలు దిగేయంట కదరా? ఇక్కడ మందుల షాపులన్నీ తిరిగేసేం. ఒక్కటీ లేదు."

"దిగేయి గానీ బయటికి రావక్కా. సర్కారోళ్ళు పట్టేసేరు. మూడు వారాలంట."

"మూడు వారాలా? ఇంట్లో నాలుగ్రోజులకే ఉందిరా నాయనా!"

"ఈలోగా ఇంకో పాలు పట్టండి."

"పడితే నీకెందుకు చేస్తాన్రా ఫోను? ఆవుపాలు పడవు. ఆఖరికి తల్లిపాలే పడవు బాబుకి. పుట్టిన వారానికే కళ్ళు పచ్చబడిపోయి పొట్ట ఉబ్బిపోతే ఆసుపత్రిలో పెట్టి బతికించేరు. మా మేడం పాలు పిండి సింకులో పారబోసుకుంటాది. నేను చూళ్ళేక అవతలికి పోతాను."

వీరబాబు కత్తి ఆపాడు.

"అసలు పాలు చెడిపోయేయా ఏంటి?"

"లేదక్కా. పాలు బానే ఉన్నాయంట. బిడ్డ బొమ్మ మీద స్టిక్కరు ఊడిపోతంది."

"స్టిక్కరా? స్టిక్కరు కోసం నా బాబుని పస్తు పెడతారా? మీ రూలు తగలెయ్య!"

"నన్ను తిడతావేంటక్కా? నేనేమన్నా మంత్రినా?"

ఆమె ఇంకేదో అనబోయి ఆగింది. బిడ్డ ఏడుపు మొదలైంది. భుజాన వేసుకుని జోకొడుతున్నట్టుంది, ఫోన్ బిడ్డ ముఖం పక్కకు వచ్చింది. ఏడుపు తగ్గింది. తర్వాత గదిలో ఇంకేమీ లేదు, ఆ ముక్కుతో పీల్చే చప్పుడు తప్ప. పీల్చడం, చిన్న గురక, వదలడం. మళ్ళీ పీల్చడం.

ముత్యం గోడకు ఆనుకుని విన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా విన్నాడు. వీరబాబు కంచం ముందు పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

బుధవారం పొద్దున ముత్యం శ్రీనివాసరాజు ఆఫీసు గదిలోకి వెళ్ళి చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"సార్, జిగురు మంచిదే."

"నీకేం తెలుసయ్యా?"

"నేనే లేపిన సార్. గోటితోని. అన్నిటికీ."

రాజు కళ్ళజోడు తీశాడు. "ఎన్నిటికి?"

"తొమ్మిదేండ్ల సంది."

"ఎందుకు లేపావ్?"

ముత్యం నేల చూశాడు. దీనికి జవాబు ఎవరికో ఒకరికి చెప్పాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

"ఊపిరాడదని సార్."

"బొమ్మకి ఊపిరేంటయ్యా?"

"నాకు తెల్వదు సార్. ముక్కు మీద బట్ట పడ్డట్టుంటది."

బయట వ్యాను వెనక్కి తిప్పుతున్న చప్పుడు వచ్చింది.

"ఇంట్లో ఎవరన్నా పోయారా?" అన్నాడు రాజు.

"బిడ్డ."

"ఎప్పుడు?"

"ఈ పనిల కూసునే ముంగట."

రాజు కళ్ళజోడు పెట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు. "నిన్ను ఈ క్షణంలో పంపెయ్యాలి. తెలుసుగా?"

"తెలుసు సార్. ముందుగాల డబ్బాలు పోనియ్యిండ్రి. జిదాఫ్స్‌ల ఒక పొల్లగాడున్నడు. నాలుగు దినాలకే ఉన్నయట పాలు. ఇయ్యాళ్టితో మూడే. రోల్సు ఇంకా పంపలే, కట్ట విప్పితే అయిపాయె. ఆ స్టిక్కర్ల మీదనే ఇంకోటి గట్టిగ ఏస్త. పొద్దుగూకే వరకు నేనొక్కన్నే చేస్త."

రాజు ఫోన్ అందుకున్నాడు. ఆఫీసరమ్మతో ఇంగ్లీషులో, అరబ్బీలో, చివరికి బతిమాలే గొంతుతో మాట్లాడాడు. జబ్బు పిల్లల పాలు, మేడం, అన్న మాట మూడుసార్లు వినబడింది. ఎర్ర టేపు లోపలే పని చేసుకోమని, నాలుగింటికి వచ్చి చూస్తానని ఆమె అంది.

ముత్యం ఏడున్నరకు కూర్చున్నాడు. మొదటి డబ్బా తుడిచాడు. చుట్టుకుపోయిన స్టిక్కరు కింద బిడ్డ నోరు కనబడుతోంది. కొత్త స్టిక్కరు నుదుటి నుంచి కిందికి దించి, గుడ్డతో అదిమాడు. నాలుగు పక్కలా అదిమాడు. ముక్కు దగ్గరా అదిమాడు. అప్పటిదాకా తన ఊపిరి బిగబట్టి ఉన్నాడని డబ్బా కింద పెట్టాక తెలిసింది.

రెండో డబ్బాకూ అంతే. వందో డబ్బాకూ అంతే. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డట్టు, ఐదు నెలల పిల్ల నిలబడలేదు గనుక ఎవరో ఎత్తుకుని నిలబడ్డట్టు, రెండుసార్లు తల తిప్పి చూశాడు. ఎవరూ లేరు. వీరబాబు మంచినీళ్ళ సీసా పెట్టి, ఎదురుగా కూర్చుని డబ్బాలు తుడిచి ఇవ్వడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు వచ్చారు. ముఖాలు మాత్రం ముత్యమే కప్పాడు. ఎవరినీ ముట్టనివ్వలేదు.

నాలుగింటికి ఆఫీసరమ్మ పది డబ్బాలు తీసింది. గోటితో గీరింది. ఒక్క అంచూ లేవలేదు. తానే కత్తెర అడిగి ఎర్ర టేపు కోసింది.

ఆమె వెళ్ళాక రాజు బల్ల దగ్గరికి వచ్చాడు. కఫీల్‌కు జిగురు మాటే చెప్పానన్నాడు, జిగురు సర్దుకుందని చెప్పానన్నాడు. "కానీ ఈ బల్ల మీద నువ్వింక వద్దు. ఎక్కడికి పోతావో పో, మూటలు మొయ్యి, వ్యానెక్కు. ముఖాల దగ్గర మాత్రం వద్దు."

"మంచిది సార్" అన్నాడు ముత్యం. వేళ్ళు వంగడం లేదు. జిగురు గోళ్ళ కింద నల్లగా పట్టి ఉంది.

మర్నాడు పొద్దున ఆరింటికే వీరబాబు పక్కన వ్యాను ఎక్కాడు. మొదట జిదాఫ్స్. మందుల దుకాణం షట్టరు సగమే లేచి ఉంది. సత్యకుమారి మెట్టు మీద అప్పటికే కూర్చుని ఉంది. ముత్యం కార్టన్ దించి పట్టీ కోశాడు. ఆమె దుకాణం అతనికి డాక్టరు చీటీ చూపించి, రెండు డబ్బాలు అందుకుని వెనకా ముందూ తిప్పి చూసింది.

"ఇక్కడ తెల్లగా ఇదేంటన్నయ్యా?"

"ఏం లేదు చెల్లె. జల్ది పో, పొల్లగాడు లేస్తడు."

ఆమె డబ్బాలు చున్నీలో చుట్టుకుని వీధి మలుపు దాకా పరుగులాంటి నడకతో వెళ్ళింది. ముత్యం మిగిలిన డబ్బాలు అరలో సర్ది, ఖాళీ అట్టపెట్టె మడిచాడు. హమద్ టౌన్‌లో ఇంకో రెండు దుకాణాలున్నాయి, వీరబాబు హారన్ కొడుతున్నాడు. వెళ్ళి వ్యాను ఎక్కాడు.